ఆముదం పూసిన తోలు

మా మేస్త్రికి పని నేర్పడం చేతకాదు. నేర్పాలన్న ఉద్దేశమూ లేదు. విరుదునగర్‌లో పత్తి నుంచి గింజ తీసే మిల్లులో ఆయన కింద నేను ఏడేళ్ళు పనిచేశాను. ఆ ఏడేళ్ళలో ఆయన నోటి నుంచి విన్న పాఠం ఒక్కటే. "ఏదావదు పణ్ణు" అనేవాడు తమిళంలో, ఏదో ఒకటి చెయ్యి అని. బెల్టు తెగింది మేస్త్రీ అంటే అదే మాట. గొట్టం కారుతోంది అంటే అదే మాట. ఇంజను ఆగిపోయి ఆడవాళ్ళందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నప్పుడు కూడా, వక్కాకు నములుతూ, మొహం అటు తిప్పుకుని అదే మాట.

ఈ మధ్య కొందరు నా దగ్గరికి వచ్చి, ఆ కాలపు పనివాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో, చేతిలో ఏమీ లేకుండానే ఎన్ని అద్భుతాలు చేశారో అని మురిసిపోతుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. చేతిలో ఏమీ ఎందుకు లేదో ఒక్కడూ అడగడు. మా ముదలాళి, అంటే మిల్లు యజమాని, కొనలేక కాదు కొననిది. కొనకపోయినా మేం నడిపిస్తామని తెలిసి కొనలేదు. మేం ఎంత తెలివి చూపిస్తే ఆయన అంత తక్కువ కొనేవాడు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఎక్కడానికి సగం జీవితం పట్టింది.

మాది కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగును అక్షరాల్లో పెట్టడం నాకు ముప్పై దాటాకే వచ్చింది. భూమి ఉన్నవాళ్ళమే. కానీ వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. పత్తి మోకాలు దాటి లేవలేదు, కంబు, అంటే సజ్జ, కంకి పట్టలేదు. ఇంట్లో ముగ్గురు మగపిల్లలం, చేను ఒక్కరికే సరిపోయే స్థితి. నడిపివాణ్ణి నేను. రైలెక్కి, సాత్తూరు దాటి, విరుదునగర్‌లో దిగాను. అప్పటికి ఊరికి ఆ కొత్త పేరు వచ్చి కొన్నేళ్ళే అయింది. బండి తోలేవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే అనేవాళ్ళు.

మిల్లులో నా మొదటి గొప్ప పని తుమ్మచెక్కతో చేసింది. షాఫ్టు కింద ఇత్తడి బేరింగు అరిగి ఊగిపోతోంది. మేస్త్రి తన మంత్రం తాను చదివి వెళ్ళిపోయాడు. నేను ముదురు తుమ్మచెక్క తెప్పించి, గుండ్రంగా తొలిపించి, ఒక రోజంతా ఆముదంలో ఉడకబెట్టి బిగించాను. కిర్రుమనకుండా తిరిగింది. ముదలాళి స్వయంగా వచ్చి చూసి, నా వీపు తట్టి, పల్లెటూరి బుర్ర అంటే ఇది అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ రోజు నుంచి దేనికి ఏ రోగం వచ్చినా నా చెయ్యి ఆముదం డబ్బా మీదికే పోయేది.

ఇక తోలు సంగతి. గింజ తీసే యంత్రాన్ని మేం జిన్ను అనేవాళ్ళం. దాని ప్రాణమంతా ఒక రోలరు. కట్టె దుంగకు తోలు చుట్టి ఉంటుంది. ఆ తోలు గరుకుగా ఉంటేనే పత్తి పోగును పట్టి లాగుతుంది. పక్కనే ఉన్న కత్తిపలక దగ్గర గింజ ఆగి కింద రాలుతుంది. తోలు అరిగిందా, జిన్ను చచ్చిందే. ఆ ఏడు పత్తి నిండుగా వచ్చింది. బళ్ళు మిల్లు గేటు నుంచి వీధి చివరి దాకా నిలబడ్డాయి. రోలర్లు నున్నగా అరిగిపోయాయి. బొంబాయి నుంచి తోలు రావాలి, రాలేదు. అడిగితే రాసి పంపాం, వస్తుంది అన్నారు. మేస్త్రి నా వైపు చూశాడు. ఆ నోరు తెరవక ముందే ఏమంటాడో నాకు తెలుసు.

నాకు మా ఊరి మోట గుర్తొచ్చింది. బావిలోంచి నీళ్ళు తోడే ఆ తోలు తొండాన్ని మా చుట్టుపక్కల పది ఊళ్ళకు కుట్టేది ఒక్కడే. ఊరికి అవతల, మా చేలగట్టున ఉన్న గుడిసెల్లో ఉండేవాడు. మా నాయన ఈడువాడు. నేను చిన్నప్పటి నుంచీ ఆయన్ని ఒరే అనేవాణ్ణి, ఆయన నన్ను సామీ అనేవాడు. ఇప్పుడు ఆయన అని రాస్తున్నాను. ముసలితనంలో వచ్చిన మర్యాద ఇది, ఎవరికి పనికొస్తుంది?

ఆయన ఇంట్లోనూ తెలుగే. ఊళ్ళో ఒకే భాష మాట్లాడే మేమిద్దరం అంతవరకూ కూర్చుని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. నేను ఊరికి పోయి, ఆ గుడిసె ముందు నిలబడి పని చెప్పాను. ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. చేతిలోని కుట్టుపని పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు, ఒక్కసారికేనా, ఉంచుకుంటారా అని. నేను మేస్త్రిని అడిగి, మేస్త్రి ముదలాళిని అడిగి, చివరికి మాట తెచ్చాను. పత్తికాలం అయ్యేదాకా రోలర్లు సరిగ్గా నడిస్తే మిల్లులో నెల జీతానికి ఉంచుకుంటారు, గోదాము వెనక గది ఇస్తారు, పెళ్ళాన్నీ కూతుర్నీ తెచ్చుకోవచ్చు.

అది విన్నప్పుడు ఆయన మొహం నేను చూశాను. ఊళ్ళో ఆయనకు జీతమంటూ ఏమీ లేదు. కళ్ళంలో ధాన్యం కొలిచాక అడుగున మిగిలింది, చచ్చిన గొడ్డు తోలు, పండక్కి పాత పంచె. అంతే.

"మా పిల్ల ఇంక మీ కళ్ళాలు ఊడ్సే పని ఉండదు సామీ," అన్నాడు.

నాకు చురుక్కుమంది. మా కళ్ళం ఊడ్చడం అంత కష్టమా అనుకున్నాను. ఆ పిల్ల తలమీద ఎండలో పొట్టు పడుతుంటే మేం నీడలో కూర్చుని మజ్జిగ తాగేవాళ్ళమన్నది అప్పుడు నాకు గుర్తుకు రాలేదు. రాలేదా, రానివ్వలేదా, ఇప్పుడు చెప్పలేను.

మిల్లుకు వచ్చి ఆయన పని మొదలుపెట్టాడు. తంగేడు చెక్క నీళ్ళలో ఊరిన ఎద్దు తోలు తెచ్చాడు. వేలెడు వెడల్పున పట్టీలు కోసి, దుంగ చుట్టూ ఏటవాలుగా, పట్టీకి పట్టీకి మధ్య సన్నటి సందు వదిలి చుట్టాడు. ఇనుప మేకు వాడలేదు. కత్తిపలకకు తగిలితే నిప్పు పుడుతుందని వెదురు మేకులు చెక్కి దిగ్గొట్టాడు. ఆ జిన్నును ఆయన అంతకు ముందు రోజే మొదటిసారి చూశాడు. కాసేపు దాని పక్కన గొంతుక్కూర్చుని, పోగు ఎక్కడ పట్టుకుంటోందో, గింజ ఎక్కడ ఆగుతోందో చూసి, అంతా అర్థం చేసుకున్నాడు. నేను ఏడాది పాటు చూసి నేర్చుకోని సంగతి అది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కుళ్ళుగానే అనిపించింది.

రోలరు ఎక్కించే ముందు తోలు మీద బొటనవేలు రాసి చూపించాడు.

"ఇది నీళ్ళు మోసే తోలు గాదు సామీ, పరుత్తి పట్టుకునే తోలు. దీనికి చమురు కూడదు. ఎండకి బిగిసిందంటే తడిగుడ్డ ఒత్తల్ల, అంతే."

పరుత్తి అంటే పత్తి. సరేలే అన్నాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. తోలుకు నూనె కూడదట! మా ఇళ్ళలో తోలు కుట్టడం ఎవరికీ రాదు, రాకూడదు కూడా, ముట్టుకుంటే స్నానం చేయాలి. కానీ కుట్టి ఇచ్చిన మోటకు నెలనెలా ఆముదం పట్టించడం మా పనే. అది మా నాయన చేతిపని, మా తాత చేతిపని. తోలుతో మా కులానికున్న సంబంధమంతా ఆ నూనె గుడ్డతో మొదలై ఆ నూనె గుడ్డతో అయిపోతుంది. కుట్టేవాడికి కుట్టడం తెలుసు, తోలును బతికించడం మాకు తెలుసు. ఇలా అనుకునేవాళ్ళం. ఎంత పొగరో చూడండి.

రోలర్లు నడిచాయి. బాగా నడిచాయి. బొంబాయి తోలు కంటే పోగు శుభ్రంగా వస్తోందని జిన్నుల దగ్గర పనిచేసే ఆడవాళ్ళే అన్నారు. రెండు నెలల పాటు మిల్లులో తెలుగు వినిపించింది. మధ్యాహ్నం కూడు తినేటప్పుడు ఆయన అటు, నేను ఇటు, మధ్యలో నాలుగు మూరల దూరం ఉంచుకుని మాట్లాడుకునేవాళ్ళం. వాన గురించి, గొడ్ల గురించి, మా ఊరి మనుషుల గురించి. ఆయన బాగా నవ్వించేవాడు. మా నాయన నడకను కూర్చున్నచోటనే చేతులతో చేసి చూపించేవాడు. నా వంటి మీద మిల్లు బెల్టుల తోలు వాసన వస్తుందని మా అమ్మ పండక్కి ఇంటికెళ్తే బావి దగ్గరే ఆపేసి నీళ్ళు పోసేదని నేను చెబితే, అయితే మనిద్దరం ఒక ఇంటివాళ్ళమే గదా సామీ అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ నాలుగు మూరలు మాత్రం తగ్గించలేదు.

పత్తికాలం ఇంకో పక్షంలో అయిపోతుందనగా ఆయన తల్లి పోయింది. కబురు వస్తే మూడు రోజులని చెప్పి ఊరికి పోయాడు. పోతూ పోతూ తడిగుడ్డ మాట మళ్ళీ చెప్పాడు.

రెండో రోజుకే ఎండ ముదిరి రోలర్ల తోలు బిగిసింది. ఒక జిన్ను కీచుమంటూ ఏడుపు లంకించుకుంది. పట్టీ అంచులు లేచాయి. మేస్త్రితో చెబితే వక్కాకు పక్కకు నెట్టుకుని చెప్పాల్సిందే చెప్పాడు. తడిగుడ్డ ఒత్తితే సరిపోయేది. అంత చిన్న పనికి నా చెయ్యి పోలేదు. మర్నాడు తెల్లవారి, ఆడవాళ్ళు రాకముందే పోయి, ఆ కీచుమనే రోలరుకూ, దాని పక్కనున్న రెండింటికీ, మా నాయన మోటకు పట్టించినట్టే ఆముదం పట్టించాను. వేళ్ళతో నొక్కి నొక్కి, తోలు తాగినంతా తాగించాను.

కూత ఆగిపోయింది. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగాయి. మేస్త్రి వచ్చి చెవి పెట్టి విని తలూపాడు. నేను రొమ్ము విరుచుకుని తిరిగాను.

పది గంటలకల్లా పోగు జారడం మొదలైంది. నూనె తోలుకు దూది అతుక్కుని, ముద్దలు ముద్దలుగా కత్తిపలక దగ్గర చిక్కుకుని, అక్కడే రాసుకుంటూ వేడెక్కింది. నేను అటువైపు లేను. పొగ వాసనకు తిరిగి చూసేసరికి ముందు జిన్ను కింద దూది కుప్ప అంటుకుంది. మూడు జిన్నులు, పైకప్పులో సగం, తూకం వేసి పెట్టిన దూది కొంత పోయాయి. ప్రాణాలు పోలేదు. ఒక ఆమెకు మోచేతి దాకా కాలింది. బావి నుంచి వరసగా నిలబడి నీళ్ళ బిందెలు అందించి ఆర్పాం.

సాయంత్రం మేస్త్రి కాలిన రోలరును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తోలు మాడిన వాసనలో కూడా ఆముదం తెలుస్తోంది. నా వైపు చూశాడు. ఎవరు పూశారు అని అడగలేదు. తోలు ఎవరు చూసేది అని అడిగాడు. ఆ రెండు ప్రశ్నలకూ ఎంత తేడా ఉందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అదంతా ఆ మోట కుట్టేవాడే కదా చూసేది అన్నాను. మాట అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మేస్త్రి ఇంకేమీ అడగలేదు. బల్ల పక్కన ఉన్న నా నూనె డబ్బాను కాలితో మెల్లిగా బల్ల కిందికి తోసి వెళ్ళిపోయాడు. తన కిందివాడిదే తప్పని తేలితే ముందు ఊడేది ఆయన ఉద్యోగం.

మర్నాడు పొద్దున బండికి ఊరి నుంచి ఆయన తిరిగి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. నేరుగా కాలిన జిన్ను దగ్గరికి పోయి, మిగిలిన తోలు ముక్క తీసి, వేలితో రాసి, వాసన చూశాడు. తర్వాత తలెత్తి షెడ్డంతా వెతికి నన్ను చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

ముదలాళి గది వాకిట్లో నిలబెట్టారు. మేస్త్రి ఒక పక్క, నేను ఒక పక్క. ఆయన మెట్టు కింద, చేతులు కట్టుకుని. ముదలాళి తమిళంలో కేకలేశాడు. తోలుకు నూనె పూసి వెళ్ళడానికి బుద్ధి ఉందా అన్నాడు. మెట్టు కింద ఉన్న ఆయనకు తమిళం నాకంటే బాగా వచ్చు. తమిళంలోనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, తెలుగులో అన్నాడు.

"సామీ, చమురు నేను పుయ్యలేదని ఒక్క మాట చెప్పు. నువ్వు పూసినావని చెప్పొద్దు. నేను పుయ్యలేదని మట్టుకు చెప్పు, సాలు."

ఆ వాకిట్లో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. తమిళంలో అంటే నా గుట్టు బయటపడుతుంది. నన్ను కాపాడటానికే ఆయన మా ఇంటి భాషలో అడిగాడు. ఆ క్షణంలోనే నాకది తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

ఏమంటున్నాడు అని ముదలాళి నన్ను అడిగాడు.

నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. తప్పయిపోయింది, క్షమించమంటున్నాడు అని తమిళంలో చెప్పాను. తడబడకుండా చెప్పాను. ఏదో ఒకటి చెయ్యి అని ఇన్నాళ్ళు నేర్చుకున్నది అంతా ఆ ఒక్క వాక్యంలో పనికొచ్చింది. ఛీ, నా బతుకు.

ఆయన విన్నాడు. ప్రతి అక్షరం విన్నాడు. అది అబద్ధం అని నోరు తెరిచి ఉండొచ్చు. తెరిచి ఏం చేస్తాడు? ఆ గుడిసె ఉన్నది మా చేలగట్టున. రేపు తిరిగి పోవాల్సింది అక్కడికే. పైగా ఎవరి మాట నిలబడుతుందో ఆ వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు. ఆయన కాసేపు నా మొహం చూసి, తర్వాత నేల చూశాడు. ముదలాళి చెయ్యి విదిలించాడు. గది లేదు, జీతం లేదు, పొమ్మన్నాడు.

మేస్త్రి నా పక్కగా నడుస్తూ, ఇప్పుడు నీకు పని పట్టుబడింది అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

ఆయన తన ఉలి, కత్తి, మిగిలిన వెదురు మేకులు గుడ్డలో మూట కట్టుకున్నాడు. నేను గేటు దాకా పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. ఏదో చెప్పాలనే అనుకున్నాను. ముందు ఆయనే మాట్లాడాడు.

"అయ్యకేమైనా చెప్పల్లనా సామీ?"

మా నాయన సంగతి అడుగుతున్నాడు. ఊరికి పోయేవాడెవరైనా ఏమడుగుతాడో, ఎప్పుడూ ఏమడిగేవాడో, అదే అడిగాడు. నేను బాగున్నానని చెప్పమన్నాను. సరే సామీ అని స్టేషను వైపు పోయాడు.

బొంబాయి తోలు పది రోజుల్లో వచ్చింది. రావాలనుకుంటే వచ్చేదే అది. నాకు జీతం పెంచారు.

తర్వాత నెలలో ఇంటికి పోయాను. అమ్మ బావి దగ్గర ఆపి నీళ్ళు పోసింది. తల తుడుస్తూ, మొన్న గుడిసెల నుంచి వచ్చి నీ సంగతి చెప్పిపోయినాడురా అన్నది. ఏం చెప్పాడు అని అడగడానికి నాకు ధైర్యం రాలేదు. అడక్కపోయినా ఆమే చెప్పింది.

"నువ్వు బాగుండావని చెప్పినాడు. అబ్బోడు పని బాగా నేర్సుకున్నాడు, ముదలాళికి నీ మాటంటే మాట అని చెప్పినాడు. మంచి మాట తెచ్చినాడు గదా అని, గోడ మింద నుంచి ఒక పడి కంబు పోసి పంపినాను."

ఆయన కూతురు ఆ పూట మా కళ్ళం ఊడుస్తోంది.